సిస్టరమ్మ తీసుకున్న ఒక్కపొద్దు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కింది వాటాలో ఉండే సిస్టరమ్మ పోయిన శుక్రవారం తెల్లవారుజామున నిద్రలోనే చనిపోయారు. గుంటూరు నుంచి వాళ్ళ అన్నగారు రావాలి కాబట్టి మధ్యాహ్నం దాకా ఉంచారు. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేశారు. రిటైరయ్యాక కూడా మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు.

రెండేళ్ళ కిందట సిస్టరమ్మతో కలిపి మా వీధి ఆడవాళ్ళు పద్నాలుగు మంది మలేషియా యాత్రకు బయల్దేరారు. నానమ్మకు తోడుగా నేనూ వెళ్ళాను. వారం ముందే సిస్టరమ్మ అందరి సంచులూ విప్పించి చూశారు. మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. మూత తీసి ఉన్న నీళ్ళు తాగకూడదు. ఒకామె కొత్త చెప్పులు చూపిస్తే, "మీరు వెళ్ళేది కొండెక్కడానికా, పెళ్ళిచూపులకా? అరిగినవి తెచ్చుకోండి" అన్నారు. "పరాయి దేశంలో ముందు నీళ్ళు, తర్వాతే ఫొటో" అన్నది ఆమె మాటే.

ఎవరికి ఏ జబ్బు, ఏ వేళకు ఏ మాత్ర అని చీటీలు రాసే పని నాకు అప్పగించారు. తెలుగులో రాయడమంటే నాకు అప్పుడప్పుడే ఇష్టం మొదలైంది. రక్తపోటు, మోకాళ్ళ వాపు, ఆయాసం అని అక్షరాలు గుండ్రంగా దిద్దుకుంటూ పోయాను. నానమ్మ చీటీలో షుగరు, పొద్దున ఒక మాత్ర అని రాశాను. శనివారాలు ఒక్కపొద్దు ఉంటుందని, పొద్దుగూకాక ఒక్కసారే తింటుందని రాయలేదు. అది జబ్బు కాదు కదా! ఇంట్లో ఆ రోజు మాత్ర కూడా మానేసేదని మాకెవరికీ తెలియదు.

ఎల్.బి.నగర్‌లో విమానాశ్రయం బస్సు ఎక్కేటప్పుడు సిస్టరమ్మ అందరికీ మళ్ళీ చెప్పారు: "ఏది మానినా మాత్ర మానొద్దు." నానమ్మ ఆ మాట తప్పలేదు.

మూడో రోజు శనివారం. అక్కడి కొండ మీది గుడికి ఎక్కుతూ మెట్ల మధ్యలో నానమ్మ కూలబడింది. చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చల్లటి చెమట. సిస్టరమ్మ గ్లూకోజు నీళ్ళు కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది.

"ఒద్దు సిస్టరమ్మా. ఇయ్యాల ఒక్కపొద్దున్న."

"మాత్ర వేసుకున్నారా?"

"ఏస్కున్న. నువ్వే గదా మానొద్దన్నవ్."

"అయ్యో అక్కయ్యగారూ! మాత్ర వేసుకుని పస్తుంటే ప్రాణానికే ముప్పు. తాగండి."

"నలభై ఏండ్ల సంది ఉంటున్న. పానం పోయినా ఇడువ."

సిస్టరమ్మ ఆ మెట్టు మీదే పక్కన కూర్చున్నారు. "సరే, ఆ ఒక్కపొద్దు నాకిచ్చేయండి. నేనుంటా."

"గట్ల మార్చుకుంటరా ఎవలన్న?"

"నైట్ డ్యూటీలు మార్చుకోలేదా మేము? దేవుడికి నేను చెప్పుకుంటాలెండి. నోరు తెరవండి."

నానమ్మ తాగింది. కాసేపటికి వణుకు తగ్గింది. కిందికి దింపి ఇడ్లీలు తినిపించారు. సిస్టరమ్మ మాత్రం చీకటి పడేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నా చీటీ తీసి చూసి, "రోగం బాగానే రాశావు. మనిషి ఎప్పుడు తింటుందో అడగవేమ్మా?" అన్నారు. కోపంగా అనలేదు.

తిరిగొచ్చాక నానమ్మ మళ్ళీ ఒక్కపొద్దు పట్టలేదు. "ఇచ్చినదాన్ని ఎన్కకు ఎట్ల అడుగుత?" అనేది. ఆ తర్వాతి శనివారాలు సిస్టరమ్మ ఆ ఒక్కపొద్దు ఉన్నారో లేదో నాకు తెలియదు. అడగాల్సింది.

శవం లేచేదాకా మా వీధిలో ఎవరూ పొయ్యి ముట్టించరు, ముద్ద ముట్టరు. సిస్టరమ్మ పోయిన ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి నానమ్మ మాత్ర వేసుకుని, "తినెతందుకు ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. అమ్మ తడబడింది.

"అత్తమ్మా, ఇంకా తీస్కపోలే. ఎవలన్న జూస్తే..."

"సూడనీ. ఆమె చెప్పిందే చేస్తున్న."

రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకుని కిటికీ దగ్గర నిలబడింది. కింద వాకిట్లో సిస్టరమ్మను పడుకోబెట్టి ఉంచారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరిద్దరు తలెత్తి చూశారు. నానమ్మ పక్కకు జరగలేదు. సిస్టరమ్మ వైపే చూస్తూ, ఒక్కో ముద్దా నెమ్మదిగా నమిలి మింగింది.