పోయిన కారు కోసం నేను పట్టిన పంతం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. ఇదే చోట నిలబడి కొత్త కారు తాళాలు పైకెత్తి చూపించి, ఇది దేవుడిచ్చిన బండి, దీన్ని నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేరు అని సాక్ష్యం చెప్పినవాణ్ణి నేనే, మీరంతా చప్పట్లు కొట్టారు, పాస్టరుగారు బానెట్ మీద నూనె రాసి ప్రార్థన చేశారు. ఈవేళ కారు లేకుండా నిలబడ్డాను, అయినా దేవునికే మహిమ!

మైలవరంలో పెళ్లి చూసుకుని వస్తుంటే, ఎదురొచ్చిన లారీని తప్పించబోయి కల్వర్టు గోడకు గుద్దేశాను. నాకు చిన్న గీత కూడా పడలేదు. పక్కన కూర్చున్న నా భార్య సుశీలకు ఎడమ భుజం విరిగింది. కట్టు విప్పాక వ్యాయామం చేయించడానికి రోజూ తీసుకురావాలని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. తలూపాను గాని, నా ధ్యాసంతా ఆటోనగర్ మెకానిక్ షెడ్డులో ఉన్న కారు మీదే!

ఇన్సూరెన్సు సర్వేయరు బండి చుట్టూ తిరిగి చూసి, "ఫ్రేమే వంగిపోయిందండీ, బాగుచేయించినా మునుపటిలా ఉండదు. టోటల్ లాస్ కింద, అంటే బండి పూర్తిగా పోయినట్టే రాస్తాను, వచ్చిన డబ్బు తీసుకుని దీన్ని వదిలేసుకోండి" అన్నారు. ఎంత మంచి మాట! కానీ నేనేమనుకున్నానంటే, దేవుడిచ్చిన కారు పోయిందంటే సంఘంలో గుసగుసలాడుకోరా, ఏ పాపం చేశాడో అనుకోరా అని. ఆయన్ని బతిమాలి రిపేరు కిందే రాయించుకున్నాను. ఇన్సూరెన్సు కొంతే వచ్చింది, మిగతాదానికి సుశీల వైద్యానికి దాచిన డబ్బు తీసి పెట్టాను. రోజూ షెడ్డుకే వెళ్లాను. "ఏవండీ, చెయ్యి పైకి లేవట్లేదు" అని ఆమె అంటే, "కారు రానీ, అందులోనే తీసుకెళ్తా" అన్నాను. అయ్యో, ఎంత మాట అన్నాను!

కారు తళతళలాడుతూ వచ్చింది గాని, స్టీరింగు ఎడమకే లాగేది. ఒక ఆదివారం ఆరాధనకు వస్తుంటే, బందరు కాలువ గట్టు మీద ఒక్కసారిగా పక్కకు లాగేసి, నీళ్ల అంచున ముళ్లకంపలో ఆగింది. సుశీల కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ కారు తీసేసుకో, నా భర్తను నాకివ్వు" అని ప్రార్థించింది. అప్పుడు విరిగింది నా మనసు! గట్టు మీదే మోకరించి, "తండ్రీ, నీ పేరు కాపాడుతున్నాననుకున్నాను, కాపాడుకున్నది నా పరువే, క్షమించు" అని ఏడ్చాను. ఆ కారును తుక్కుకు అమ్మేశాను, నలుగురూ ఏమంటారోనన్న భయం కూడా దాంతోనే పోయింది, అదే నాకు దొరికిన విడుదల!

సుశీల భుజం మాత్రం బిగుసుకుపోయింది. ఇప్పుడు చూపిస్తున్నాం, బాగా ఆలస్యం చేశారని డాక్టరుగారు అన్నారు. దేవుడు క్షమించాడు, ఆమె కూడా క్షమించింది, నా బాధ మాత్రం తీరలేదు. సహోదరులారా, ఇచ్చినప్పుడు ఆయన్ను నమ్మినవాళ్లు పోయినప్పుడూ నమ్మండి, ఆయన పరువు మనం కాయనక్కర్లేదు.

ఇప్పుడు ఆటోలో వస్తున్నాం. మధ్య దారికి అటు ఆడవాళ్ల వైపు చివర ఆమె, ఇటు మగవాళ్ల వైపు చివర నేను పక్కపక్కనే కూర్చుంటున్నాం. పాటలో చప్పట్లు వచ్చినప్పుడు ఆమె కుడి చెయ్యి చాపుతుంది, నేను నా ఎడమ చెయ్యి కలుపుతాను. ఇద్దరికీ కలిపి అవే చప్పట్లు. ఆమేన్.