ఎటెల్వీనా చేతి తూకం

ఎటెల్వీనా ఎదుటి మనిషి మొహం కన్నా ముందు చెవులు చూసేది. తర్వాత మెడ, తర్వాత వేళ్లు. మొహం దాకా వచ్చేసరికి ఆ మనిషి మీద ఆమె అభిప్రాయం స్థిరపడిపోయేది. చాలాసార్లు అది మంచి అభిప్రాయం కాదు. బొటనవేలికి ఉంగరం పెట్టుకున్న గుమాస్తాను చూసి ఆమె బ్యాంకే మార్చేసింది. ముత్యాలూ వెండీ కలిపి వేసుకుని పెళ్లికొచ్చిన చుట్టాన్ని ఇప్పటికీ "ఆ కలగూరగంప" అనే అంటుంది. చెవి నిండా వరసగా కమ్మలు కుట్టించుకున్న ఆడపిల్లలు ఎదురైతే, "పాపం, గోడకు మేకులు కొట్టినట్టు కొట్టేశారు" అని వాళ్లకు వినబడేలా అంటుంది.

అనే హక్కు తనకుందని ఆమె నమ్మకం. మిన్యో ప్రాంతంలోని ఆ ఊళ్లో ఆగస్టు పండుగ ఊరేగింపులో నడిచే అమ్మాయిల ఎద మీద బంగారం కుట్టేది ఆమే. ఆ బంగారం ఏ ఒక్క ఇంటిదీ కాదు. అత్తలు, పిన్నులు, పొరుగువాళ్లు తలొకటి ఇస్తారు. గొలుసులు, గుండ్ల దండలు, తీగపనితో గుండె ఆకారంలో చేసిన పతకాలు అన్నిటినీ ఆమె ఉన్ని రవికకు దారంతో కుట్టేస్తుంది, నడకలో ఊగకుండా. తిరిగి ఇచ్చేటప్పుడు తారుమారు కాకుండా ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం. తమ నగ నడిమధ్యన ఉందా, చంక కిందికి పోయిందా అని ఇచ్చినవాళ్లంతా దారి పొడవునా నిలబడి చూసుకుంటారు.

ఈ పని అత్తగారు నేర్పింది. అందులో కుట్టు నేర్చుకోవడం తేలిక, నోరు మూసుకోవడమే కష్టం. అరచేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది, ఏది బంగారమో, ఏది పూత వేసిన వెండో. పూతది తేలిపోతుంది. ఇంట్లో కష్టమొచ్చి అసలుది అమ్ముకుని, అచ్చం అలాంటిదే పూతది చేయించుకున్నవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఆ సంగతి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కుట్టే మనిషి దాన్ని కూడా మిగతావాటంత మర్యాదగా అందుకుని, కుట్టి, తిరిగి అప్పజెప్పాలి. ఎటెల్వీనా అలాగే చేసేది. కానీ ఏ ఇంటి గొప్ప ఎంత తేలికో ఆమె చేతికి తెలుసు. చర్చిలో ముందు బెంచీ మీద కూర్చుని గొలుసులు సవరించుకునే ఆడవాళ్లను వెనక నుంచి చూస్తుంటే, ప్రార్థనలో దొరకని తృప్తి ఆమెకు అక్కడ దొరికేది.

ఈ ఏడు పండుగ కమిటీ సగం మంది అమ్మాయిలను గ్రసిందాకు అప్పగించింది. గ్రసిందా సంతల్లో పూత నగలు అమ్ముకునే మనిషి. "మూడే వేద్దాం. చుట్టూ ఖాళీ ఉంటేనే నగ కంటికి ఆనుతుంది" అంటుంది. అమ్మాయిలకు అది నచ్చింది. ఇద్దరి పనితనమూ వీధిలో చూసి, వచ్చే ఏటి నుంచి ఒక్కరికే ఇస్తామని కమిటీ పెద్ద అబీలియో చెప్పాడు.

"ఖాళీ చూపించడానికి ఊరేగింపు ఎందుకు? పొలంలో నిలబెడితే పోలా?" అంది ఎటెల్వీనా. కానీ ఆ రోజు నుంచీ ఆమెకు సరిగ్గా నిద్ర లేదు. తమ్ముడి కూతురు లియోనిల్డే ఈసారి మొదటిసారి నడుస్తోంది. ఆ పిల్ల ఎద మీది బంగారం చూశాక ఊళ్లో గ్రసిందా పేరు ఎవరూ ఎత్తకూడదు.

పండుగ పొద్దున ఎటెల్వీనా వంటింట్లో అడుగుపెట్టే చోటు లేదు. నగలు ఇచ్చే ఆడవాళ్లు కాఫీ తాగుతూ, మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎర్ర రవిక తొడుక్కుని లియోనిల్డే మధ్యలో నిలబడింది. పక్కన ఆమె తల్లి అడోజిండా.

"అదేంటే వేలికి?" అంది ఎటెల్వీనా సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఉంగరం అత్తా. చెప్పి చేయించుకున్నాం. దీని మీద నా రూయ్ వేలిముద్ర, వాడి దాని మీద నాది."

ఎటెల్వీనా ఆ చెయ్యి పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూసింది. "వేలిముద్రలు పోలీసులు తీసుకుంటారని తెలుసు. కంసాలులు కూడా మొదలెట్టారన్నమాట."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"ఇలాంటిది లోకంలో ఇంకొకటి ఉండదత్తా."

"ఉండకపోవడమే మంచిది. రేపు వాడితో చెడిందనుకో, అదే వేలున్నవాణ్ణి ఇంకొకణ్ణి ఎక్కడ వెతుకుతావే?"

"వదినా, పండుగ పూట ఆ మాటలెందుకు?" అంది అడోజిండా.

"నేనేమన్నాను? ముద్ర బాగా పడిందనే అంటున్నా." ఆమె పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తి కుట్టడం మొదలుపెట్టింది. గొలుసులు వరసలు వరసలుగా దిగాయి. ఎర్ర ఉన్ని కనబడటం మానేసింది. చేతులు అలా నడుస్తున్నప్పుడు ఆమె అందంగానే కనిపించేది.

వీధి చివరి ఇంటి కితేరియా ఆలస్యంగా వచ్చింది. డెబ్బై దాటిన ముసలమ్మ, భర్త పోయి చాలా కాలమైంది. చేతిరుమాలు విప్పి అరచేయంత గుండె పతకం తీసింది. ఆయన ఆసుపత్రిలో పడి ఉన్న చలికాలంలో అసలు పతకం అమ్ముడుపోయిందని, ఇది తర్వాత చేయించిన పూతదని ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. ఎటెల్వీనా దాన్ని అందుకుని ఎడమ పక్కకి, గొలుసుల అంచుకి పట్టుకెళ్లింది.

"అక్కడా?" అంది కితేరియా. "మధ్యలో పెట్టమ్మా. మా అత్తగారి కాలం నుంచీ అది మధ్యలోనే నడిచింది."

"మధ్యలో ఇప్పటికే ఒకటుంది పెద్దమ్మా."

"అది చిన్నది కదా. జరుపు."

"నగ పెద్దదైతే సరిపోదండీ."

ముసలమ్మకు కోపం వచ్చింది. "గ్రసిందా అయితే అడక్కుండానే మధ్యలో పెట్టేది. నిన్న చూసి ఎంత మెచ్చుకుందనుకున్నావు! దానికి నగ విలువ తెలుసు."

గ్రసిందా పేరు, విలువ అన్న మాట ఒకేసారి చెవిలో పడేసరికి ఎటెల్వీనా పతకాన్ని అందరి ముందూ అరచేతిలో ఎగరేసి పట్టుకుంది.

"మెచ్చుకోదా మరి! దాని బల్ల మీద సరుకేగా ఇది!"

ఎవరూ నవ్వలేదు. ఎవరో కాఫీ కప్పు కింద పెట్టారు. కితేరియా చెయ్యి చాపింది.

"ఇటియ్యమ్మా."

"పెద్దమ్మా, నేను ఊరికే..."

"ఇటియ్యి."

పతకం రుమాల్లోకి వెళ్లిపోయింది, ముసలమ్మ గడప దాటింది. బల్ల అవతల నుంచి ఒకావిడ లేచి, "నీలం దారం నాది. తెంపు," అంది. ఆవిడ గొలుసు పూతదే. ఎటెల్వీనా లోలోపల వెక్కిరించుకుంది, అడక్కుండానే ఒప్పుకుంటున్నావు కదే అని. ఆకుపచ్చ దారం ఆవిడ లేచింది. అదీ పూతదే. ఆ తర్వాత పసుపు దారం ఆవిడ లేచేసరికి మాత్రం ఎటెల్వీనా తెల్లబోయింది.

"నీది మేలిమి బంగారం కదే! నీకేమొచ్చింది?"

"ఎవరిది ఏమిటో నువ్వు చెప్పక్కర్లేదు," అంది పసుపు దారం ఆవిడ. "మేం నగలు తెచ్చింది పిల్ల కోసం. నీ చేతిలో తూగడానికి కాదు."

కుట్టినవన్నీ ఎటెల్వీనాయే తెంపాల్సి వచ్చింది. వేరేవాళ్లు తెంపితే ఉన్ని చిరుగుతుంది. ఎర్ర రవిక మళ్లీ బయటపడింది. చివరికి దాని మీద ఆమె సొంత గుండ్ల దండ ఒక్కటే మిగిలింది.

"ఇదొక్కటి వేసుకుని వెళ్లనా అమ్మా?" అంది లియోనిల్డే ఏడుపు గొంతుతో.

అడోజిండా వదిన వైపు చూడకుండా ఆ దండ కూడా విప్పి బల్ల మీద పెట్టింది. "పద. గ్రసిందా ఇంకా ఇంట్లోనే ఉంటుంది."

డప్పులు మొదలయ్యాక ఎటెల్వీనా వీధిలోకి వచ్చింది. రాకపోతే భయపడిందనుకుంటారు. గ్రసిందా తయారు చేసిన అమ్మాయిలు ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, మూడేసి నగలతో నడిచొస్తున్నారు. రొట్టె మీద మూడు ఉప్పురాళ్లు చల్లినట్టుంది అనుకుంది ఆమె. జనం మాత్రం చప్పట్లు కొడుతున్నారు. అబీలియో ఆమె పక్క నుంచే వెళుతూ టోపీ సర్దుకున్నాడు గాని పలకరించలేదు.

లియోనిల్డే వచ్చింది. రెండు సన్నటి గొలుసులు, వాటి మధ్య కితేరియా గుండె పతకం. ఎండకి అది ధగధగలాడుతోంది. పూతే అంతలా మెరుస్తుంది, అసలు బంగారానికి ఆ ఆర్భాటం ఉండదు, అనుకుంది ఎటెల్వీనా. పైగా సరిగా కుట్టలేదు. పైన ఒక్క ముడి వేసి వదిలేసింది ఆ సంతల మనిషి. అడుగడుక్కీ పతకం పక్కకి ఒరుగుతోంది. రెండు కుట్లు వేస్తే నిలబడుతుంది. తన రవిక అంచున గుచ్చుకున్న సూది మీదికి ఆమె వేళ్లు వాటంతట అవే వెళ్లాయి.

పిల్ల చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చింది. ఎటెల్వీనా ఒక అడుగు ముందుకేసి పతకం వైపు చెయ్యి చాపింది.

లియోనిల్డే నడుము మీది చెయ్యి తీసి, పతకాన్ని అరచేత్తో కప్పేసుకుంది. అత్తను దాటిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.