మా వీధిలో కండెల ఎన్నిక

రాచరికానికీ, నియంతృత్వానికీ, ప్రజాస్వామ్యానికీ తేడా ఏమిటో చెప్పడానికి పెద్దవాళ్లు తలగడ మందాన పుస్తకాలు రాశారు. నాకా శ్రమ లేదు. ఆ మూడింటినీ ఒకే ఎండాకాలంలో, మా ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ చల్లారేలోపు చూసేశాను.

మాది తిరుత్తణి నుంచి అత్తిమంజేరిపేట వైపు పోయే బస్సు దారిలో ఒక నేతవీధి. ఆ కొసన పెళ్లయితే, శుభలేఖ ఈ కొసకు చేరేసరికి బారసాల అయిపోయేంత పొడవు. మగ్గం ఎక్కించే ముందు పడుగును, అంటే బట్ట నిలువు పోగులను, ఆ పొడవునా సాచి కట్టి, గంజి పట్టించాలి. అప్పుడు తిరుత్తణి కొండ మీంచి చూసే భక్తులకు మా వీధి జంధ్యం వేసుకున్నట్టు కనిపించేదట. ఇరువైపులా జనం నిలబడి, పిల్లి అంతేసి కుంచెలతో ఆ చివరి నుంచి ఈ చివరికి దువ్వుతూ పోవాలి. పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా ఆరేదాకా చెయ్యి ఆపకూడదు. ఎండ ముదిరేలోపు ముగించాలి. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు, వీధంతా దిగాల్సిందే. వీధేమో ఒక్కటే, పొద్దుకు ఒక్క పడుగే పడుతుంది. అందుకని మా రాజ్యాంగమంతా ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయింది: రేపు వీధి ఎవరిది?

జవాబు మా వీధి పెద్దాయన దగ్గర ఉండేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒకసారి దగ్గేవాడు. ఆ దగ్గుకు అరక్కోణంలో రైలు ఆగి సిగ్నల్ కోసం చూసేదని చెప్పుకునేవాళ్లం. దగ్గి ఏ ఇంటివైపు గడ్డం చూపిస్తే రేపటి వీధి ఆ ఇంటిది. ఆ గడ్డం ముందు తన ఇంటివైపు, తర్వాత అల్లుళ్ల ఇళ్లవైపు బాగా అలవాటుగా తిరిగేది. మా అత్త ఇంటివైపు తిరగబోతే మాత్రం మెడ పట్టేసేది. ఇక కుంచె అంటారా, ఆయన దాన్ని ముట్టుకోగా చూసినవాడు మా తాలూకాలోనే లేడు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మామ పోయాక ఒక్క మగ్గంతో నెట్టుకొస్తోంది. అప్పటిదాకా ఎవరి కిందనో నేసేది. ఆ ఏడే తిరుత్తణి బజారులోని జవుళి కొట్టాయన మొదటిసారి ఆమెను నమ్మి సొంతంగా నూలు ఇచ్చాడు. వచ్చే అమావాస్యకు గుడ్డ తెస్తే నూలు ఎప్పటికీ ఆమెకే, తేలేకపోతే ఇక ఆ గుమ్మం తొక్కనక్కర్లేదన్నాడు. అంటే మగ్గం అమ్ముకుని పరాయి ఇంట్లో కండెలు చుట్టే కూలికి పోవడమే. పడుగు సిద్ధంగా ఉంది. కావలసింది ఒక్క పొద్దు వీధి.

సరిగ్గా అప్పుడే ఎన్నికలు వచ్చి ఎమర్జెన్సీ పోయింది. మా అక్క మొగుడు, అంటే మా బావ, తిరువళ్లూరు దాకా పోయి ఒక మీటింగు విని, చొక్కా గుండీలు విప్పుకుని తిరిగొచ్చాడు.

"దేశాన్నే ఓట్టేసి తిప్పేసినారప్పా! మన వీధికి మాత్రం ఒగ దగ్గా?" అన్నాడు.

వీధి అదిరిపోయింది. నిర్ణయం జరిగింది. వీధి కావలసినవాళ్లు రోజూ సాయంత్రం కుండలు పెట్టాలి, ఎవరికి ఇవ్వాలనుకుంటే వాళ్ల కుండలో ఒక నూలు కండె వేయాలి.

"మగ్గానికి ఒగ ఓట్టు," అన్నాడు పెద్దాయన అల్లుడు. వాళ్లింట్లో మగ్గాలకు తోవ చాలక మనుషులు పక్కకు తిరిగి నడిచేవాళ్లు.

"అట్లయితే నీ మగ్గాన్నే నడిచొచ్చి ఎయ్యమను," అన్నాడు బావ.

తలకొక ఓటు అని తేలాక, ఆడవాళ్ల తలలు లెక్కలోకి వస్తాయా అన్న అనుమానం మగవాళ్లకు వచ్చింది. అత్త కొంగు బిగించి లేచింది. "కండెలు చుట్టేది మేము, ఎత్తి కుండలో ఏసేది మీరా?"

ఆ మాటతో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చేసింది. పెద్దాయన "సరి సరి, జూస్తా" అని తలుపు వేసుకున్నాడు.

మొదటి నాలుగు పొద్దులూ స్వర్గం. అయిదో పొద్దుకు ఓ సంగతి బయటపడింది. బావ పక్షానికి మనుషులు ఎక్కువ, అందుకని ప్రతి సాయంత్రం బావ పక్షమే గెలుస్తోంది. అత్త రెండు పక్షాల్లోనూ లేదు, ఆమె కుండలో ఆమె కండె ఒక్కటే బిక్కుబిక్కుమంటూ పడి ఉండేది.

"మెజారిటీ అత్తా, మెజారిటీ!" అనేవాడు బావ.

"అమావాస్యకి తెలుసునా అల్లుడా, నీ మెజారిటీ?"

ఓడినవాళ్లకు ఒక్కొక్కరికీ నడుం నొప్పి పట్టుకుంది. చివరికి బావ సొంత పడుగు సాచిన పొద్దున, వీధిలో సగం కుంచెలు రాలేదు. సూర్యుడు ఏ పక్షంలోనూ లేడు కాబట్టి తన పాటికి తాను ఎక్కి వచ్చాడు. దువ్వే చేతులు చాలక పోగులన్నీ అతుక్కుని పడుగు అప్పడమైంది. మేకలు వచ్చి గంజి నాకి, రుచి బాగుందన్నట్టు బావ ముఖంలోకి చూశాయి.

ఆ సాయంత్రం బావ కళ్లెర్రజేసి లేచాడు. "ఈ జనానికి క్రమశిక్షణ లేదు. మూడు నెలలు ఓట్లు ఆపేద్దాం. అందాకా వీధి ఎవురిదో నేను చెప్తా."

"ఈ మాట యాడనో విన్నట్టుందే బావా," అన్నాను.

"రేడియోలో విన్నాంరా," అంది అక్క లోపలి నుంచి.

వీధికి విసుగెత్తింది. ఇంతకంటే ఆ దగ్గే మేలు కదా అన్నారు కొందరు. అది వినడానికే తలుపు వెనక చెవి ఆనించి ఉన్నట్టు పెద్దాయన బయటికొచ్చాడు. ఆయన షరతు ఒక్కటే. ఇంకొక్కసారి ఓట్లు వేయాలి, ఆయన గెలిస్తే ఇక ఓట్లే ఉండకూడదు, కుండలు పగలగొట్టేయాలి. రెండు పక్షాలూ వేళ్లు మడిచి, కాలివేళ్లు కూడా మడిచి లెక్క చూసుకున్నాయి. విసిగినవాళ్లు బావ పక్షం నుంచి అటు జరగడంతో సరిసమానం. మిగిలింది అత్త.

పెద్దాయన జీవితంలో మొదటిసారి వీధి దాటి అత్త గుమ్మంలోకి వచ్చాడు. "ఏమ్మా, బాగుండావా?"

"ఇన్నేండ్లూ బాగుండానో లేదో ఇప్పుడు గుర్తొచ్చినాదా మామా?"

"రేపు వీధి నీది. సాయంత్రం నీ కండె నాది. మాట."

"ముందు పడుగు కానీండి, తర్వాత జూస్తాం."

ఆయన వెనకాలే, అప్పటికే మళ్లీ ఓట్ల పక్షమైపోయిన బావ అరటిపండ్లతో వచ్చి, ఏమీ తెలియనట్టు అదే మాట ఇచ్చి పోయాడు.

మర్నాడు అత్త పడుగుకు దిగినంత జనం ఆడికృత్తిక పండుగకు తిరుత్తణి మెట్ల మీద కూడా ఉండరు. నడుం నొప్పులన్నీ మాయం. బావ ఒక వైపు, పెద్దాయన మరో వైపు. అవును, పెద్దాయనే! కుంచెను మీసాలు దువ్వుకునే దువ్వెనలా పట్టుకుని, మోచేతుల దాకా గంజితో, ఆపకుండా నడిచాడు. ఎండ గోడ దిగకముందే పడుగు పట్టుతీగలా ఆరింది.

సాయంత్రం రెండే కుండలు పెట్టారు. ఒకటి పెద్దాయనది, ఇంకొకటి ఓట్లు ఉండాలనేవాళ్లది. అందరూ వేశాక అత్త లేచింది. మేకలు కూడా నెమరు ఆపేశాయి. ఆమె తన కండెను ఓట్లు ఉండాలనే కుండలో వేసింది.

పెద్దాయన ముఖం కందగడ్డయింది. "పొద్దన నీ పడుక్కి కుంచె పట్టింది నేను గదమ్మా!"

"పట్టినారు మామా, కాదన్లా. నాతో పనుండబట్టి గదా పట్టినారు? ఈ పొద్దు నా కండె మీ చేతికిచ్చేసి కుండ పగలగొడితే, రేపు మళ్లా కుంచెత్తుకోని వస్తారా?"

ఆయన దగ్గబోయాడు. దగ్గు రాలేదు.

బావ ఎగిరి గంతేశాడు. అత్త అటు తిరిగింది. "నువ్వు ఎగరబాక అల్లుడా. రేపు వీధి ఓడినోళ్లది. లేదంటే వొచ్చే తూరి నా కండె యాడికి పోతాదో నాకే తెలీదు."

మర్నాడు వీధి ఓడినవాళ్లదైంది, గెలిచినవాళ్లు గొణుక్కుంటూనే కుంచెలు పట్టుకున్నారు. పెద్దాయన ఇంటింటికీ తిరిగి "బాగుండారా" అని నవ్వుతూ అడగడం నేర్చుకున్నాడు. అలవాటు లేని నవ్వు కావడం వల్ల మొదట్లో పిల్లలు జడుసుకునేవాళ్లు.

అమావాస్య ముందురోజు అత్త గుడ్డ కోసి మూట కట్టింది. బస్సు దగ్గరికి వెళ్లి చూస్తే మూట పెద్దాయన నెత్తిన ఉంది.

"అది గాదమ్మా, వొచ్చే వారం వీధికి మా చిన్నల్లుడు నిలబడతాండాడు..." అంటున్నాడాయన.

"తిరిగొచ్చినాక మాట్లాడుకుందాం మామా," అంటూ అత్త బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. "ముందు ఆ మూట ఇట్లా అందీండి. నలగనీబాకండి."