చేద పట్టని చేతులు

నందిగామలో నేనుంటున్న అద్దె వాటాలో ఫినాయిలుతో నేల తుడిచినప్పుడల్లా డాక్టర్ సుగుణమ్మ గారు గుర్తుకొస్తారు. ఆవిడ తెల్లచీర కొంగు ఎప్పుడూ ఆ వాసనే వేసేది. జగ్గయ్యపేటలో వైద్యం మొదలుపెట్టిన తొలి ఆడ డాక్టరు ఆవిడే. "ఆడది సూది పొడిస్తే జ్వరం దిగుద్దా?" అని ఎగతాళి చేసిన మగవాళ్లే, ఇంట్లో కాన్పు కష్టమైతే ఆవిడకు బండి పంపేవారు. మా నాన్నగారూ పంపారు. అప్పట్లో మాది నందిగామలో పెద్ద లోగిలి. మా ఆడవాళ్లు వీధి గడప దాటరు, బావి దగ్గర చేద పట్టరు. నీళ్లు తోడేది పనివాళ్లే. అది గొప్పగా చెప్పుకునేవాళ్లం. చెప్పుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో, ఒక ఉదయం, మా వదిన రాజ్యం దొడ్లో బావిలో శవమై తేలింది. నీళ్లు తోడుతూ కాలు జారిందన్నాడు అన్నయ్య. పుట్టింటికి వెళ్లిపోతానని ఆమె ముందురోజు అన్నదనీ, అన్నయ్య ఆమెను గదిలోకి ఈడ్చుకెళ్లి తలుపు వేశాడనీ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. శవపంచాయితీకి వచ్చిన పోలీసులు డాక్టరు చూడాలన్నారు.

"మా కోడలి ఒంటి మీద మగవాడి చెయ్యి పడటానికి వీల్లేదు. పేట డాక్టరమ్మను పిలిపించండి," అన్నారు నాన్నగారు. ఆడది కదా, చెప్పినట్టు వింటుందనుకున్నారు.

ఆవిడ వచ్చేసరికే, పుణ్యస్త్రీ అంటూ వదిన ముఖానికీ మెడకూ పసుపు దట్టంగా పట్టించి ఉంది. ఆవిడ నీళ్లు తెప్పించి మెడ కడిగారు. పసుపు కింద నల్లగా వేళ్ల గుర్తులు.

"బావి ఒర తగిలి ఉంటుందమ్మా," అంది మా అమ్మ.

"ఒరకి వేళ్లుంటాయా అండీ?" అని, డాక్టరు గారు వదిన అరచేయి తిప్పి చూశారు. మెత్తగా, ఒక్క కాయైనా లేని చెయ్యి. నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మాయ్. మీ వదిన ఎప్పుడైనా నీళ్లు తోడిందా?"

"లోపలికి పోవే!" అని నాన్నగారు అరిచారు.

నా జవాబుతో అన్నయ్య ఏమవుతాడో నాకు తెలుసు. పదిహేడేళ్లదాన్ని, ఆ మాత్రం తెలియకపోలేదు. "మా ఇంటి ఆడవాళ్లు చేద పట్టరండి," అన్నాను. నాన్నగారు నేర్పిన గర్వంతోనే అన్నాను.

అన్నయ్య జైల్లోనే పోయాడు. పొలాలు కోర్టు ఖర్చులకు పోయాయి, లోగిలి పరాయివాళ్లదైంది. కూతురే కొంప కూల్చిందని ఊరంతా అన్నది. నేను తల వంచలేదు. పేటలో డాక్టరు గారికీ పెద్దిళ్ల తలుపులు మూసుకున్నాయి. ఆవిణ్ని పిలవకుండా మంత్రసానులతో సరిపెట్టుకుని, ఇద్దరు బాలింతల్ని పోగొట్టుకున్న ఇల్లు కూడా ఉంది.

కొన్నేళ్లకు పేట వెళ్లి ఆవిణ్ని చూశాను. "ఆ రోజు చేసినదానికి ఎప్పుడైనా బాధపడ్డారా అండీ?" అని అడిగాను.

"ఆ రోజు గురించి కాదు," అన్నారు. "అంతకు ఏడాది ముందు మీ వదిన చెయ్యి విరిగితే నేనే కట్టు కట్టాను. మెట్ల మీద పడ్డానంది. మీ అమ్మగారు పక్కనే నిలబడి ఉన్నారు. నేను ఇంకోసారి అడగలేదు."

మొన్న కింది వాటాలో అమ్మాయి కమిలిన కన్నుతో వచ్చి, తలుపు తగిలిందంది. వాళ్ల అత్తగారిని అవతలికి పంపి, పక్కన కూర్చుని, మళ్లీ అడిగాను.