సూది రాయని డాక్టరు

అరబ్బు దేశంలో, మనామా నగరం నయీమ్ పేటలో దర్జీగా పదేళ్లు సూదితో బతికినవాణ్ణి. చివరికి ఒక సూది కోసమే పరువు పోగొట్టుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద అంటే మాత్రం అద్దం తెచ్చి చూపించాలి.

తొంభైల చివర్లో, మూత్రం ఇబ్బందని వెళితే మనామా డాక్టరు ప్రోస్టేటు క్యాన్సరన్నాడు. ఇంకా గ్రంథి దాటలేదట. "మీ దేశం వెళ్లి ఏడు వారాలు రేడియేషన్ పెట్టించుకో. గురిచూసి అక్కడికే పెడతారు. హార్మోన్ సూది నీకు అక్కర్లేదు," అన్నాడు. నా వీసాకు పూచీ ఉన్న దుకాణం యజమాని, కఫీల్, సెలవిచ్చాడు. టికెట్టు కొనడమే తరువాయి.

నా గదిలో ఉండే కరీంనగర్ మేస్త్రీకి జలుబు చేసినా సూది పడాల్సిందే.

"సూది లేదన్నడా? అయితే అది ఇలాజే కాదన్నా! మన అసొంటోళ్లకు ఎందుకని మంచి మందు దాసిపెట్టిండు. అది రాపిచ్చుకోకుంట ఇమానం ఎక్కకు."

నమ్మాను. సూది వేయని డాక్టరు గుమ్మం మా ఊళ్లో మేమూ రెండోసారి తొక్కేవాళ్లం కాదు. నెల రోజులు టికెట్టు కొనకుండా ఆ సూది కోసం క్లినిక్కులన్నీ తిరిగాను. ఎవరూ వేయలేదు. ఆఖరికి ఆ డాక్టరు దగ్గరికే వెళ్లి బల్ల గుద్ది, వచ్చీరాని హిందీలో అరిచాను.

"దర్జీవాణ్ణనే కదా ఆ సూది దాచేశారు?"

అతను అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆ సూది మగ హార్మోన్‌ను ఆపేస్తుంది. ఒంట్లోంచి ఆవిర్లొస్తాయి, కండ తగ్గుతుంది, కోరిక చస్తుంది. అవసరమైనవాళ్లు అవన్నీ భరిస్తారు. నీది తొందరగా దొరికింది, రేడియేషన్ ఒక్కటే చాలు. మంచి కబురు చెబితే నెలపాటు ఏం చేశావు?"

గదికొచ్చి మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. "నీ సూది పిచ్చితో నన్ను ముంచావు కదయ్యా!"

"నీ మంచికే జెప్తి గదన్నా. సదువుకున్నోనివి, నువ్వెందుకు ఇంటివి?"

అన్నది నిజమే. అందుకే ఇంకా మండింది.

ఈలోగా పండగ దగ్గరపడింది. "ఈద్ బట్టలు కుట్టందే కదలడానికి లేదు, ఖలాస్," అన్నాడు కఫీల్. జబ్బును కడుపులో పెట్టుకుని అక్కడి అరబ్బుల పొడుగు చొక్కాలు కుట్టాను. ఒక్కో కుట్టుకీ ఒక తిట్టు. అన్నీ నాకే.

ఈద్ వెళ్లాక ముహర్రక్ విమానాశ్రయానికి మేస్త్రీయే సూట్‌కేసు మోసుకొచ్చాడు. లోపలికి వెళ్లబోతుంటే దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:

"ఆడ పెద్ద డాక్టరుంటడు. సూది సంగతి ఒక్కపారి అడుగన్నా."

సూట్‌కేసు అతని చేతిలోంచి లాక్కుని వెనక్కి చూడకుండా నడిచాను.