టాంగో మధ్యలో నా అరుపు

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లన్నీ ఎవరికో ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. "అమ్మా, ఒకదాంట్లో ఏదో విదేశీ పాట ఉంది. మధ్యలో ఎవరో ఆడమనిషి గయ్యిమని అరుస్తోంది. ఆ గోల తీసేసి పాట శుభ్రం చేస్తానంటున్నాడు ఆయన. చెయ్యమననా?" అంది. ఆ ఆడమనిషిని నేనే. రేపు చెప్తానని పెట్టేశాను.

అవి డెబ్భైల చివరి రోజులు. నేను షార్జాలో ఆసుపత్రి నర్సుని, మా ఆయన ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. కాకినాడలో ఉన్నప్పుడే రేడియో కనబడితే వెనక మూత విప్పందే ఉండలేని మనిషి. గల్ఫ్ వెళ్తే ఆ పిచ్చి వదుల్తుందనుకున్నాను. నా రాత బాగోక అక్కడ వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, దొరికారు. లెబనాన్ పెద్దాయన. వయసులో అర్జెంటీనాలో బతికి, అక్కడే పెళ్ళి చేసుకుని, వచ్చేటప్పుడు ఒక చెక్కపెట్టె నిండా టాంగో, అంటే అక్కడి జంటలు ఆడే నాట్యం పాటల రికార్డులు తెచ్చుకున్నారట. భార్య పోయింది, రికార్డులు బూజు పట్టాయి. "వీటిని క్యాసెట్లలోకి ఎక్కించగలవా?" అని ఆయన అడగడమే తడవు, మా ఆయన ఆ పెట్టెనీ, దాంతోపాటు కీ ఇచ్చే గ్రామఫోన్నీ ఇంటికి మోసుకొచ్చేశారు.

అక్కణ్ణించి ఆ ఇల్లు నాది కాకుండా పోయింది. రికార్డుల్ని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి నా కంచాల స్టాండులో ఆరబెట్టేవారు. కంచాలేమో నేలమీద. గ్రామఫోనుకి వైరు తగిలించే వీల్లేదు కాబట్టి ఎదురుగా మైకు పెట్టి రికార్డు చెయ్యాలి. మైకుకి చప్పుడు పడదు. అందుకని ఏసీ ఆపు, ఫ్యాను ఆపు, ఫ్రిజ్ ఆపు. షార్జాలో, ఆగస్టు నెలలో! కిటికీలకి దుప్పట్లు. రెండుసార్లు పాలు విరిగాయి. నాకు దగ్గొస్తే బాత్‌రూంలోకి వెళ్ళి తలుపేసుకుని దగ్గాలి. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోతున్నా ఆయన మాత్రం కళ్ళు మూసుకుని వినేవారు. ఆ పాటల్లో ఏముందో నాకు బోధపడేది కాదు. ఎవరో నాలుగడుగులు నడిచి, ఆగి, పక్కవాళ్ళతో తగువాడి, మళ్ళీ నడుస్తున్నట్టు ఉండేది.

వాటిలో ఒక రికార్డు మాత్రం ప్రాణమట ముదీర్ గారికి. పెళ్ళిరోజు భార్యతో మొదట అడుగు కలిపిన పాట. ఆ నెలాఖరుకి ఆయన షార్జా వదిలి వెళ్ళిపోతున్నారు. తక్కినవి ఎలా వచ్చినా ఫరవాలేదు, ఇదొక్కటీ జాగ్రత్త అన్నారట. ఒక శుక్రవారం, అక్కడ సెలవూ ప్రార్థనా ఆ రోజే, చర్చినించి వచ్చి, వంట చేసి, ఆ ఉక్కలో గంటసేపు ఎదురుచూశాను. నా ఓపిక ఖలాస్. తలుపు తోసి, "ఆ ముసలాయన పాటలు తగలెయ్య! అన్నం చల్లారిపోతోంది, వస్తారా, రారా?" అని అరిచాను.

"వస్తున్నా, ఒక్క నిమిషం," అన్నారాయన మెల్లిగా, మైకు పక్కనించే. సరిగ్గా ఆ పాటే ఎక్కుతోంది అప్పుడు. "పర్లేదులే, వచ్చే శుక్రవారం మళ్ళీ చేద్దాం," అన్నారు తర్వాత.

మళ్ళీ ఇంకో శుక్రవారమా! ఒంటికి మంటెత్తిపోయింది. కాస్త తప్పు చేశానన్న బాధ కూడా ఉందనుకోండి. ఆయన డ్యూటీకి వెళ్ళాక, పని తొందరగా తెములుతుందని ఆ రికార్డు నేనే శుభ్రం చెయ్యబోయాను. గాడుల్లో ఇంకా తెల్లటి బూజుంది. నర్సుకి తెలిసిన శుభ్రం ఒకటే, స్పిరిటూ దూదీ. తుడిస్తే దూది నల్లబడింది. అమ్మో ఎంత మురికి అనుకుని ఇంకో దూది తీశాను. నాలుగో దూదికి గాడులే కనబడలేదు.

ఆ కాలం రికార్డుల్లో లక్క ఉంటుందనీ, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుందనీ సాయంత్రం ఆయన వచ్చి చెప్పేదాకా నాకు తెలీదు. తిట్టలేదు. రికార్డు ఒళ్ళో పెట్టుకుని మంచంమీద కూర్చున్నారు. తిడితే నేనూ రెండు అని గెలిచేదాన్ని, ఆ అవకాశమూ ఇవ్వలేదు మనిషి.

ఇక మిగిలింది నా అరుపున్న క్యాసెట్టే. ఇద్దరం ముదీర్ దగ్గరికి పట్టుకెళ్ళాం. చేసిన ఘనకార్యం నేనే చెప్పుకున్నాను. ఆయన క్యాసెట్ పెట్టమన్నారు. నా గొంతు రాగానే చెయ్యెత్తి ఆపించి, వచ్చీరాని హిందీలో, "మేడమ్ ఏమంటోంది?" అని అడిగారు.

మా ఆయన తడుముకోకుండా, "పాట చాలా బాగుంది, మళ్ళీ పెట్టండి అంటోంది సర్," అన్నారు.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను నలభై ఏళ్ళు కాపురం చేశాను. ఆ గొంతుతో ఏ భార్యా పాట బాగుందనదు," అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఉండనీ. మా ఇంట్లోనూ మా ఆవిడ దీన్ని ఏనాడూ పూర్తిగా విననిచ్చేది కాదు," అన్నారు. ఆ క్యాసెట్‌కి ఇంకో కాపీ తీయించి ఒకటి మాకిచ్చి, ఒకటి తనతో తీసుకెళ్ళారు.

మా ఆయన పోయి ఆరేళ్ళయింది. అందరి గొంతులూ పట్టిపెట్టిన మనిషి తన గొంతు ఎక్కడా దాచుకోలేదు, ఆ క్యాసెట్‌లో నాకిచ్చిన జవాబు తప్ప. నా అరుపు తీసేస్తే దాని వెనకే అదీ పోతుంది. మర్నాడు పొద్దున్నే అమ్మాయికి ఫోన్ చేసి, దేన్నీ ముట్టుకోవద్దని చెప్పాను. ఉన్నన్నాళ్ళూ ఆయన "ఒక్క నిమిషం" ఎంతసేపో తెలీక విసుక్కున్నాను. ఇప్పుడది ఎంతసేపైనా కానీ, అన్నం చల్లారితే చల్లారనీ.