ఏనుగుకు మెడ పెట్టినవాడు

చీమకు ఎంత పరుగు ఇవ్వాలి, ఏనుగుకు ఎంత బరువు ఇవ్వాలి అన్న సంగతి సృష్టికర్త ఒక్కసారే తేల్చేసి చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత ఆయనకు ఫిర్యాదులు వచ్చినా చదివిన దాఖలా లేదు. ఆఫీసులో అందరూ తూకంగారని పిలిచే మనిషికి ఆ అదృష్టం పట్టలేదు. ఆయనదీ అదే ఉద్యోగం గానీ, ప్రతి సోమవారం నాలుగు వందల ఫిర్యాదులు చదివి మరీ చేయాలి.

ఆయన కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసులో, మూడో అంతస్తులో, జెరాక్స్ మిషను పక్కన కూర్చుంటాడు. వాళ్ళ ఆటలో మేడంత ఎత్తున్న ఉక్కు యంత్రాలు రెండు కాళ్ళ మీద నడుస్తూ కొట్టుకుంటాయి. ఒక్కో యంత్రాన్నీ ఒక్కో ఆటగాడు నడుపుతాడు. వాటిలో నాలుగు తరగతులు: పిచ్చుక, గుర్రం, ఎద్దు, ఏనుగు. పిచ్చుక రివ్వున పోతుంది, ఒక్క దెబ్బ తగిలితే పిండైపోతుంది. ఏనుగు ఎన్ని దెబ్బలైనా తింటుంది గానీ, వెనక్కి తిరగమంటే తీరిక చూసుకుంటుంది. ఈ నాలుగింటికీ రెండేసి అంకెలు, ఒకటి వేగానికి, ఒకటి చురుకుదనానికి. ఆ ఎనిమిది అంకెల మీద కాపలా ఉండడమే తూకంగారి జీవితం. ఒకరికి పిసరంత పెంచితే మిగతా ముగ్గురూ గగ్గోలు పెడతారు. కుంటి బల్లను సరిచేద్దామని ఒక్కో కాలూ కోసుకుంటూ పోతే చివరికి పీట మిగిలినట్టు, ఆట ఎక్కడ పీటైపోతుందోనని ఆయన బెంగ.

బరువైన తరగతుల అంకె ముట్టుకునే ముందు ఆయన నిండు నీళ్ళ క్యాను భుజానికెత్తుకుని వసారా చివరిదాకా నడిచి, అక్కడ వెనక్కి తిరగడానికి ఎంతసేపు పట్టిందో పైకి లెక్కపెట్టేవాడు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన్ని నీళ్ళు మోసే మనిషనుకుని, తమ దగ్గర కూడా ఒకటి పెట్టి వెళ్ళమన్న సందర్భాలున్నాయి. ఆయన పెట్టి వెళ్ళాడు కూడా.

అలాంటి మనిషిని ఒక సోమవారం మేడమ్ పిలిచారు. ఆట మొత్తానికీ పెద్ద ఆవిడే. ఏనుగు ఎక్కేవాళ్ళు నూటికి నలుగురే మిగిలారని కాగితం చూపించారు. పిచ్చుకలు దాని వెనక చేరి గిరగిరా తిరుగుతూ కాలుస్తుంటే, అది తిరిగేలోపు కథ ముగుస్తోంది. చురుకుదనం పెంచి చూసిన రెండుసార్లూ ఏనుగు బొంగరంలా తిరిగి అందర్నీ తొక్కేసింది. ఇక ఆ తరగతినే తీసేద్దామన్నారు. తూకంగారు శుక్రవారం దాకా గడువు అడిగాడు. ఆవిడ ఇచ్చారు.

ఆ నలుగురిలో ఒకరు తన అక్క అని మాత్రం ఆయన చెప్పలేదు.

అక్క ఆయనకన్నా పన్నెండేళ్ళు పెద్ద. ఇరవై ఆరేళ్ళు సిటీబస్సు నడిపింది. తమ్ముడు కాలేజీకి వెళ్ళింది ఆ బస్సులోనే. ఒకనాడు అర నిమిషం ఆలస్యంగా పరిగెత్తుకొస్తుంటే, అద్దంలో చూసి కూడా ఆపకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంట్లో అన్నం వడ్డిస్తూ, బస్సు నీ ఒక్కడిది కాదు కదా అని మాత్రం అంది. న్యాయమంటే ఏమిటో తూకంగారు నేర్చుకున్నది ఆ కంచం ముందే. ఆ రోజు ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

ఇప్పుడు అక్కకు మోకాళ్ళు అరిగిపోయాయి. గది దాటి వసారాలోకి రావడం ఒక ప్రయాణం. తమ్ముడి ఆట ఎలా ఉందో చూద్దామని మొదలుపెట్టి, రోజూ సాయంత్రం ఒక గంట ఏనుగెక్కుతోంది. పిచ్చుక ఎక్కి చూడమంటే, ఈ వయసులో ఆ గంతులు నావల్ల కాదు, బరువైన బండైతే నా మాట వింటుంది అనేది. ఆ గంటలో ఆమె ముఖం డ్రైవరు సీట్లో ఉన్నప్పటిలా ఉండేది. ఏనుగును తీసేస్తే ఆ ముఖాన్ని ఎక్కడ వెతుక్కోవాలో తూకంగారికి తెలియలేదు. తాను అంకెల కోసం ఆలోచిస్తున్నాడో, అక్క కోసం ఆలోచిస్తున్నాడో కూడా తెలియలేదు. అది ఇంకా పెద్ద బాధ.

మంగళవారం సాయంత్రం ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నదంతా చెప్పేశాడు. అక్క తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"నా కోసం లెక్క మార్చావో, ఈ ఇంట్లో నీకు అన్నం లేదు" అంది.

"నీ ఒక్కదాని కోసం కాదక్కా. ఇంకా ముగ్గురున్నారు."

"నూటికి ముగ్గురురా. మీ ఆఫీసువాళ్ళకి లెక్కలొచ్చు, నీకు రావు."

అంతలో తెర మీద ఒక పిచ్చుక ఏనుగు వెనక్కి దూరింది. అక్క చప్పున మెడ తిప్పి, కుర్చీలోంచి తన భుజం మీదుగా వెనక్కి చూసింది. అక్కడ పిచ్చుక లేదు, తమ్ముడే ఉన్నాడు. తూకంగారికి నవ్వాగలేదు.

"నవ్వకు. ఇన్నేళ్ళూ ముందు మెడ తిప్పాను, ఆ తర్వాతే బస్సు తిప్పాను. అంత పెద్ద బండి నిదానంగానే తిరుగుతుంది, తప్పులేదు. చూపు కూడా నిదానమేమిట్రా? దీనికి మెడ పెట్టలేదా మీరు?"

పెట్టలేదు. మూడేళ్ళుగా కాళ్ళకూ నడుముకూ కలిపి ఒకే చురుకుదనం, ఒకే అంకె. అంకెల పట్టికలో గడి ఒకటి మిగులుతుందని మొదటి వారంలో తానే అలా కలిపాడు. నీళ్ళ క్యాను మోస్తూ ఆఫీసు వసారాలో తిరిగినన్నాళ్ళూ తన మెడ తనకన్నా ముందే తిరుగుతోందని గమనించలేదు. ఆయన నవ్వు ఆగిపోయింది.

బుధవారం ఆ పట్టికలో మూడో గడి పుట్టింది. ఏనుగు కాళ్ళు ఎప్పటిలాగే బద్ధకంగా తిరుగుతాయి. నడుము పైభాగం మాత్రం చప్పున తిరిగి చూస్తుంది. చూపిచ్చినందుకు బదులుగా నడక వేగంలో కొంచెం కోసేశాడు. గురువారమంతా ఆఫీసులో ఆడి చూశారు. పిచ్చుకలు ఇప్పటికీ గెలుస్తున్నాయి, కాకపోతే ఊరికే గెలవడంలేదు. శుక్రవారం మేడమ్ కాగితం రెండుసార్లు చదివి, ఏనుగు ఉంటుంది అన్నారు. ఈ మెడ ఆలోచన ఎవరిదని అడిగితే, బస్సు డ్రైవరుదని చెప్పాడు. ఆవిడ దాన్ని చమత్కారం అనుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన పిచ్చుకెక్కాడు, అక్క ఏనుగెక్కింది. చప్పుడు కాకుండా వెనక నుంచి వెళ్ళాడు. చిన్నప్పుడు ఆలస్యంగా ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న అక్క వెనక నుంచి పిల్లిలా గదిలోకి దూరేవాడు. ఆమె కాళ్ళు పొయ్యి దగ్గర నుంచి కదిలేవి కావు, తల మాత్రం తిరిగేది. ఇప్పుడూ అంతే. ఏనుగు పాదాలు నేలలో పాతుకునే ఉన్నాయి. నడుము తిరిగింది. సూటిగా పిచ్చుకకేసి చూసింది.

"దొరికావా" అంది అక్క, పక్క కుర్చీలోంచి. పిచ్చుక పిండైపోయింది.

కాసేపు ఆడాక, నడక కాస్త తగ్గినట్టుందే అని అడిగింది. తగ్గించానని ఒప్పుకున్నాడు. ఒకటిచ్చినప్పుడు ఒకటి తీసుకోవాలి కదా అని గొణిగాడు.

అక్క ఆట ఆపింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, ఆయన కోసం కంచం పెట్టింది.